ఉత్తుత్తి మాటల పేజీ

ఓడిపోవడంలో ఇంత ఆనందం ఉంటుందని హైమవతికి యాభై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు.

సీలు వేసిన రెండు కవర్లు బల్ల మీద ఉన్నాయి. ఒకదాంట్లో ఆమె పిల్లలు, రెండోదాంట్లో తన్వీర్ పిల్లలు. కన్నపిల్లలు కారు లెండి. కాకినాడలోని పలుకు పరిశోధన కేంద్రంలో పన్నెండు వారాలుగా వైద్యం పొందుతున్న నలభై ఎనిమిది మంది బుడతలు. అందరికీ నాలుగైదేళ్లే. కాకిని ‘తాతి’ అంటారు, గొడుగుని ‘దొడుదు’ అంటారు, తామున్న ఊరిని ‘తాతినాడ’ చేసేస్తారు. వాళ్లు మాట్లాడితే కన్నతల్లికి అర్థమవుతుంది, ఊళ్లో ఇంకెవరికీ అర్థం కాదు. చీటీలు తీసి అందులో సగం మందిని హైమవతికి అప్పగించారు. ఆమె దగ్గరున్న సరంజామా అల్లా ఒక అద్దం, బొమ్మల కార్డులు, పెదాల ముందు పట్టుకునే సన్నటి కాగితం ముక్క, బోలెడంత ఓపిక. మిగతా సగం మంది చెవుల్లో ఇంజనీరు తన్వీర్ కనిపెట్టిన బఠాణీలు, అంటే బఠాణీ గింజంత యంత్రాలు.

ఏ పిల్ల ఎవరి వైపో తెలియకుండా మార్కులు వేయాలి కదా, అందుకు హైమవతి డాక్టర్లను పిలవలేదు. రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన్నీ, కాజాల కొట్టు నడిపే ఒకావిడనీ, టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి మానేసిన ఇంకొకాయన్నీ కూర్చోబెట్టి, పిల్లల రికార్డింగులన్నీ కలగాపులగం చేసి వినిపించింది. పిల్లల మాట అర్థం కావలసింది ఊరికి గాని డాక్టర్లకు కాదని ఆమె వాదన. ఒక్కో పిల్లకి అరవై బొమ్మలు, అరవై మాటలు. అర్థమైన ప్రతి మాటకీ ఒక టిక్కు.

మొదటి కవరు చింపింది. అద్దం పిల్లలు సగటున పంతొమ్మిది నుంచి ముప్ఫై నాలుగుకు వచ్చారు. పన్నెండు వారాలకి అది మంచి ఫలితమే, తన ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఇంతకంటే బాగా ఎన్నడూ రాలేదు. రెండో కవరు చింపింది. బఠాణీ పిల్లలు పద్దెనిమిది నుంచి యాభై ఏడుకు వచ్చారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. యాభై ఏడే. లాస్య అనే పిల్లకైతే అరవైకి అరవై.

ఇంకొకరైతే మొహం మాడ్చుకుందురు. హైమవతి కుర్చీలోంచి లేచి, ముప్ఫై ఒక్క ఏళ్ల ఇంజనీరుని చంటిపిల్లాడిలా వాటేసుకుని, గిరగిరా తిప్పబోయి, నడుం పట్టేసి మళ్లీ కూర్చుంది. తన్వీర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు.

వాళ్లిద్దరిదీ పాత బంధం. ఆరేళ్ల వయసులో తన్వీర్ తన పేరు తనే పలకలేక ‘తన్వీల్’ అనేవాడు. బడిలో అందరూ అలాగే పిలిచి ఏడిపించేవారు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఇదే గదికి తీసుకొచ్చింది. ఇదే అద్దం ముందు కూర్చోబెట్టి హైమవతి వాడికి పేరు నేర్పింది. రెండేళ్లు పట్టింది. చదువుకుని పెద్దవాడై తిరిగొచ్చాక అతను ఆమెకు చెప్పిన మొదటి మాట అదే, చిన్నపిల్లాడికి రెండేళ్లంటే సగం జీవితమని. ఆ రెండేళ్లని మూడు నెలలు చెయ్యాలన్నది అతని పంతం.

ఎనిమిది నెలల కిందట అతను మొదటి బఠాణీ జత తెచ్చిన రోజు హైమవతికి ఇంకా కళ్ల ముందే ఉంది. నిజంగా ఎండు బఠాణీ అంతే ఉంటాయి, ఆకుపచ్చగా. రెండు చెవుల్లో రెండు పెట్టి, ‘కాకి’ అనే మాటని కావాలని తప్పుగా అనమన్నాడు. ఆమె ‘తాతి’ అంది. చెవిలో మాత్రం తన గొంతుతోనే, తన యాసతోనే, ‘కాకి’ అని వినబడింది. మళ్లీ ‘తాతి’ అంది, మళ్లీ ‘కాకి’ వినబడింది. నాలుగోసారి అనబోయేసరికి నాలుక మొరాయించింది. దానంతటది వెనక్కి మడుచుకుని ‘కాకి’ అనేసింది.

“నాలుకకి దారి తెలియక కాదు మేడమ్ తప్పు పోయేది. తప్పు పోయినట్టు చెవి చెప్పదు, అందుకని,” అన్నాడు తన్వీర్. “ఆ చెప్పే పని ఇది చేస్తుంది.”

దానికి నలభై వేల తెలుగు మాటలు తెలుసు. పిల్ల ఏ మాట అనబోతోందో పోల్చుకుని, తప్పు చెవికి చేరేలోపల ఒప్పు చేసి అందిస్తుంది. పైగా ఇళ్లల్లో ఉండే గోల సంగతి తెలిసినవాడు కాబట్టి కుక్కరు విజిలు, టీవీ, వీధిలో ఆటోలు అన్నీ వడగట్టేసి మాటల్ని మాత్రమే లోపలికి పంపే ఏర్పాటు కూడా చేశాడు. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా పెట్టుకుని తిరగొచ్చు. హైమవతి చప్పట్లు కొట్టింది.

ఆ ఉత్సాహంలోనే ఇంకో చిన్న పని కూడా చేసింది. ఆమె పరీక్ష కాగితాల్లో చివర ఒక పేజీ ఉంటుంది. దాని పేరు ఉత్తుత్తి మాటల పేజీ. పుగమి, నొకివ, జలుదో... ఇలా అర్థం పర్థం లేని మాటలు ఇరవై. పిల్ల ఇదివరకెన్నడూ విననిది విని, తిరిగి అనగలదా లేదా అని చూడటానికి. ఇరవయ్యారేళ్లలో ఒక్క పిల్లకి కూడా ఆ పేజీ ఎగ్గొట్టలేదు. అది చూడగానే తన్వీర్ మొహం వేపాకు నమిలినట్టు అయింది.

“ఆ పేజీ వద్దు మేడమ్,” అన్నాడు. “అదొచ్చిందంటే నాకు ఏడుపొచ్చేసేది. లోకంలో లేని మాటని తప్పు పలికానని మార్కు తగ్గించేవారు మీరు.”

హైమవతి పడీపడీ నవ్వింది. నిజమే పాపం, అరవై బొమ్మలు అయ్యేసరికే పిల్లలు డీలా పడిపోతారు అనుకుంది. ఎర్ర పెన్ను తీసి ఆ పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత గీసేసింది. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయింది.

ఇప్పుడిక మిగిలింది సంతకం. ఆమె సంతకం పెడితే వచ్చే నెల ఒకటో తారీకు నుంచి జిల్లాలో అంగన్‌వాడీలన్నింటికీ బఠాణీలు వెళ్తాయి. నాలుగు వేల మంది పిల్లలకి. పై అధికారి ఫోన్ చేసి ఇప్పుడే పెట్టేయమన్నాడు. హైమవతి గోడ గడియారం చూసింది. శుక్రవారం, పదకొండు. మంచి రాహుకాలం. ఆమె సైన్సు మనిషే, కాని శుక్రవారం పదకొండింటికి సంతకం పెట్టేంత సైన్సు మనిషి కాదు. పన్నెండు దాటాక పెడతానంది. పన్నెండు దాటాక స్వీట్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, కాజాల కొట్టావిడ స్వయంగా ఒక పెద్ద డబ్బా పట్టుకొచ్చింది. ఆ హడావుడిలో సంతకం సోమవారానికి వాయిదా పడింది.

సాయంత్రం లాస్య నాన్న సత్తిబాబు వచ్చాడు. జగన్నాథపురంలో బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్ అతను. చేతులకి గ్రీజు, మొహం నిండా నవ్వు. ఆదివారం కొడుక్కి బారసాలట. కూతురికి మాటలిచ్చిన చేత్తో కొడుకుని దీవించాలట. “తమరు రాపోతే ఆ బారసాల బారసాల కాదండి,” అన్నాడు. హైమవతి రానంటే అక్కడే కూర్చునేలా ఉన్నాడు. వస్తానంది.

ఆదివారం గుమ్మంలో ఎదురొచ్చింది లాస్యే. పట్టు పరికిణీ, రెండు జడలు. బఠాణీలు తీసేసి అప్పటికి వారమైంది. మూడు నెలల కిందట ఈ పిల్ల ఏమన్నా వాళ్లమ్మ నూకరత్నం పక్కనుండి తర్జుమా చెప్పాల్సొచ్చేది. దాహమేసినా, కడుపు నొప్పొచ్చినా తల్లి లేకుండా చెప్పుకోలేకపోయేది.

“రండి డాక్టరుగారూ, మా తమ్ముడు ఇప్పుడే లేచాడు. జోలపాట పాడితే నవ్వుతాడు, చూద్దురుగాని,” అంది లాస్య. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

హైమవతి గుమ్మంలోనే ఆగిపోయింది. నాలుగు వేల గుమ్మాల్లో ఇలా నాలుగు వేల మంది పిల్లలు ఎదురొచ్చి మాట్లాడటం ఊహించుకుంది. సోమవారం దాకా ఎందుకు ఆగానా అని తనని తనే తిట్టుకుంది.

లోపల సందడి సందడిగా ఉంది. బాబు నక్షత్రానికి ‘ఝ’ అక్షరం వచ్చిందని పంతులుగారు చెప్పారట. ఝ తో పేరేముంటుంది? మేనమామ సెల్‌ఫోన్లో మూడు రోజులు వెతికి, విసుగొచ్చి, అక్కడొక అక్షరం ఇక్కడొక అక్షరం అతికించి తనే తయారుచేశాడు, ‘ఝవిన్’ అని. అర్థం ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. కాకినాడ మొత్తం మీద ఏ పిల్లాడికీ ఈ పేరుండదని సత్తిబాబు ఒకటే మురిసిపోతున్నాడు. పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో అందులో పేరు రాశాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఉయ్యాల మీదికి వంగి, బాబు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. తండ్రి, మేనమామ, మేనత్తలు, మామ్మ అయ్యాక లాస్య వంతు వచ్చింది. కొత్తగా మాట వచ్చిన పిల్ల కదా, అందరూ ముందుకు జరిగారు.

లాస్య వంగి, “తమ్ముడూ, తమ్ముడూ, తమ్ముడూ,” అంది.

మామ్మ నవ్వి, పేరు పెట్టి పిలవమంది. లాస్య ఆవిడ వంక వింతగా చూసింది. “పేరు ఇంకా పెట్టలేదు కదా మామ్మా,” అంది.

గది గదంతా ఘొల్లుమంది. సత్తిబాబు కూతురి దగ్గర కూర్చుని ‘ఝవిన్’ అని గట్టిగా చెప్పాడు. లాస్య బుద్ధిగా అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంకోసారి చెప్పాడు. అయినా చూస్తూనే ఉంది.

“చెప్పు నాన్నా,” అంది కాసేపాగి. “ఊరికే ఊదుతావేంటి?”

తమ్ముడొచ్చాడని ఉడుకుమోత్తనం అని మేనత్త అంది. మాటలొచ్చేసరికి కొమ్ములొచ్చాయని ఇంకెవరో అన్నారు. పేరు పెట్టే వేళ అపశకునం అని మామ్మ గొణుక్కుంది. హైమవతి మాత్రం చేతిలో ఉన్న పాయసం గిన్నె కింద పెట్టేసింది. ఎందుకో తెలియదు, ఎర్ర గీత ఒకటి కళ్ల ముందు మెరిసింది.

నవ్వు మొహం పెట్టుకునే లాస్యని వరండాలోకి తీసుకెళ్లింది. కాకి అనమంది, అంది. కాకినాడ, గొడుగు, జామకాయ, అన్నీ ముత్యాల్లా అంది. అప్పుడు మామూలుగా, అదే గొంతుతో, ‘పుగమి’ అంది హైమవతి.

లాస్య ఎదురుచూస్తోంది.

ఇంకోసారి అంది. పిల్ల తల వంచి, ఆమె మొహంలోకి జాలిగా చూసింది. “మీరు కూడా ఊదుతున్నారేంటండీ?” అంది.

పసిపిల్ల అబద్ధమాడటం లేదు. దానికి నిజంగానే ఏమీ వినబడలేదు. హైమవతి నూకరత్నాన్ని పిలిచి, ఈ మూణ్ణెల్లలో లాస్య కొత్త మాట ఏదన్నా నేర్చుకుందా అని అడిగింది. ఆ తల్లి చాలాసేపు ఆలోచించింది.

“పక్కింట్లోకి కొత్తగా వచ్చారండి. ఆళ్ల పాపతో రోజూ ఆడతాదండి,” అంది చివరికి. “ఏదో కొత్తరకం పేరండి. మాది ఒక్కసారన్నా పేరెట్టి పిలవలేదండి, ‘ఏయ్’ అంటాది. పొగరేమో అనుకుని రెండు దెబ్బలు కూడా ఏసేనండి.” ఆ మాట అంటూనే ఆమె మొహం పాలిపోయింది.

హైమవతి ఇంటికి వెళ్లకుండా నేరుగా కేంద్రానికి వెళ్లి, ఒక్కొక్క తల్లికీ ఫోన్ చేసింది. సోమవారం పొద్దున్న ఆరున్నరకల్లా పిల్లల్ని తీసుకురమ్మంది. ఎందుకని అడిగినవాళ్లకి ఒక్క పేజీ మిగిలిపోయిందని చెప్పింది.

బఠాణీ పిల్లలు ఇరవై ఇద్దరు వచ్చారు, అద్దం పిల్లలు పంతొమ్మిది మంది. ముందు అద్దం పిల్లల్ని కూర్చోబెట్టింది. పుగమి అంటే ‘పుదమి’ అన్నారు, నొకివ అంటే ‘నొతివ’ అన్నారు. ఒకడైతే జలుదోని ‘దలుదో’ చేసి, తనకే నవ్వొచ్చి కుర్చీలోంచి జారిపోయాడు. ఒక్కటీ సరిగ్గా రాలేదు, కాని అందరూ అన్నారు. తర్వాత బఠాణీ పిల్లలు వచ్చారు. ఎంత చక్కటి పిల్లలో. నమస్కారం పెట్టారు, పేరు చెప్పారు, ఇంటి అడ్రసు చెప్పారు, వీధిలో కనబడిన కుక్క రంగు చెప్పారు. పుగమి అనగానే అందరూ చేతులు కట్టుకుని, ఆమె ఎప్పుడు మాట్లాడుతుందా అని ఎదురుచూశారు. ఇరవై ఇద్దరూ అంతే.

అద్దాల గది బయట నిలబడి చూస్తున్న తన్వీర్ లోపలికి వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

“నేను వడగట్టమన్నది గోలని మేడమ్,” అన్నాడు.

“దానికి తెలిసినవి నలభై వేల మాటలు నాయనా. తెలియనిదంతా దానికి గోలే కదా.”

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పన్నెండు వారాల పాటు పొద్దస్తమానం, పిల్ల తనంత తాను ఒక కొత్త మాట అనబోయినా, ఎవరైనా కొత్త మాట చెప్పినా బఠాణీ దాన్ని కుక్కరు విజిలుతో పాటే తుడిచేసింది. ఐదేళ్ల బుర్ర ఏది నేర్పితే అది ఇట్టే నేర్చేసుకుంటుంది. వడగట్టడం కూడా నేర్చేసుకుంది. ఇప్పుడు బఠాణీ తీసేసినా జల్లెడ లోపలే ఉంది. నలభై వేల మాటలు ముత్యాల్లా పలికే పిల్లలు, నలభై వేల ఒకటో మాట మాత్రం ఇక జన్మలో నేర్చుకోలేరేమో. రేపు బడిలో పాఠం వస్తుంది, కొత్త టీచరు పేరు వస్తుంది, కొత్త ఊరు వస్తుంది. అవన్నీ వీళ్లకి ఉత్త గాలి.

తప్పంతా తనదేనన్నాడు తన్వీర్. హైమవతి ఒప్పుకోలేదు. ఇరవయ్యారేళ్లు కాపలా కాసిన పేజీని ముచ్చటపడి కొట్టేసింది తన ఎర్ర పెన్ను. ఆ ఒక్క పేజీ రెండో వారంలో చదివించి ఉంటే అప్పుడే ఆపేవాళ్లు. ఆమెకి తన మీద తనకి ఎంత కోపం వచ్చిందంటే, ఆ పెన్నుని కిటికీలోంచి విసిరేద్దామనుకుంది. దాంతో రాయాల్సిన పని ఒకటుందని గుర్తొచ్చి ఆగింది. రిపోర్టు ముందుకు లాక్కుని ఇలా రాసింది: ‘బొమ్మల పరీక్షలో బఠాణీ గెలిచింది. కొత్త మాటల పరీక్షలో పిల్లలందరూ సున్నా. పంపిణీ ఆపాలి. ఈ పరీక్ష ముందే చేయకపోవడం నా పొరపాటు.’ కింద సంతకం పెట్టేసింది. గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. సోమవారం రాహుకాలమని ఆమెకి తట్టనే లేదు.

పై అధికారి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. బుజ్జగించాడు, గదమాయించాడు, నలభై వేల మాటలు చాలవా అని కూడా అడిగాడు. ఐదోసారి మోగితే హైమవతి ఎత్తలేదు. ఆమెకి పనుంది.

అదేమిటో గాని, చేతులు కాలి కూర్చోవలసిన వేళ ఆమెకి ఎక్కడలేని హుషారూ పుట్టుకొచ్చింది. చెవి దారి మూసుకుపోయింది, సరే. కన్ను ఉంది, చెయ్యి ఉంది. గట్టిగా అంటే ఏమన్నా లోపలికి వెళ్తుందా, పాడితే వెళ్తుందా, చెవి దగ్గర గుసగుసలాడితే వెళ్తుందా అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లాస్యతో అన్నీ చేసి చూసింది. ఏదీ వెళ్లలేదు. దిగులుపడి కూర్చున్న తన్వీరే చివరికి నోరు విప్పాడు.

“నాకు ‘ర’ రానప్పుడు మీరు నా చెయ్యి తీసుకుని మీ గొంతు మీద పెట్టుకునేవారు,” అన్నాడు. “అక్కడ బఠాణీ ఏమీ అడ్డు లేదు కదా మేడమ్.”

మర్నాటి నుంచి అద్దం మళ్లీ దిగింది. అద్దం ముందు నూకరత్నం, ఒళ్లో బాబు, పక్కన లాస్య. లాస్య అరచెయ్యి తల్లి గొంతు మీద, పెదాల ముందు కాగితం ముక్క. పిల్ల ఎత్తుకి సరిపోయేలా అద్దాన్ని పట్టుకుని నిలబడేది తన్వీర్. నలభై వేల మాటలు పోల్చుకునే యంత్రం తయారుచేసినవాడు, అద్దం కదలకుండా పట్టుకోవడం ఇంత కష్టమని తనకి తెలియదన్నాడు. నూకరత్నం ‘ఝవిన్’ అనేది. కాగితం రెపరెపలాడేది. లాస్య “ఊదింది,” అనేది. రోజుకి వందసార్లు అదే పని. మొదటి వారమంతా ఊదడమే. సాయంత్రమయ్యేసరికి నూకరత్నం గొంతు బొంగురుపోయేది. ఇంటికెళ్లి మిరియాల కషాయం తాగి మర్నాడు మళ్లీ వచ్చేది. కూతురికి అన్నేళ్లు తర్జుమా చెప్పిన మనిషి, ఒక్క మాటకి వెనకాడుతుందా?

ఎనిమిదో రోజున లాస్య చెయ్యి గొంతు మీది నుంచి తియ్యకుండా, అద్దంలో తల్లి మొహం వంక అనుమానంగా చూసింది.

“అమ్మా, ఊదితే గొంతు వణకదు కదా?” అంది. “మరి వణుకుతోందేం?”

తన్వీర్ చేతిలో అద్దం పడబోయింది. హైమవతి వాడి వంక కళ్లు ఉరిమి, నోటి మీద వేలు పెట్టుకుంది. పిల్ల ఆలోచిస్తోంది. ఆ ఆలోచనలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. లాస్య కాగితం తన పెదాల ముందు పెట్టుకుని ఊదింది, గొంతు పట్టుకుని చూసుకుంది. వణకలేదు. మళ్లీ తల్లి గొంతు పట్టుకుంది. వణికింది. “అమ్మ ఏదో అంటోంది,” అని ప్రకటించింది. ఆ సాయంత్రం హైమవతి ఇంటికి నడిచి వెళ్లింది. ఆటో ఎక్కి కూర్చునేంత నెమ్మది ఆమె ఒంట్లో లేదు.

తొమ్మిదో రోజు, పదో రోజు లాస్య తల్లి పెదాలని అనుకరించింది, శబ్దం లేకుండా. పదకొండో రోజు గొంతులో ఒక గురగుర వచ్చింది. పన్నెండో రోజు బాబు ఒళ్లో కదిలి ఏడుపందుకున్నాడు. అద్దం సంగతీ కాగితం సంగతీ మర్చిపోయి, నూకరత్నం వాణ్ణి సముదాయిస్తూ మామూలుగా ‘ఝవిన్, ఝవిన్’ అంటూ ఊపుతోంది. చెయ్యి ఇంకా తల్లి గొంతు మీదే ఉంచిన లాస్య ఉలిక్కిపడి తలెత్తింది. పెదాలు కదిలాయి. తడబడ్డాయి. మళ్లీ కదిలాయి.

“దవిన్,” అంది.

నూకరత్నం బాబుని ఊపడం ఆపేసింది.

“దవిన్,” అంది మళ్లీ, ఈసారి గట్టిగా.

హైమవతి సొరుగులోంచి ఎర్ర గీత ఉన్న ఆ పేజీ లాగి, అడుగున ఖాళీలో ‘ఝవిన్’ అని రాసి, దాని పక్కన ఇంటూ మార్కు పెట్టింది. ఇరవయ్యారేళ్లలో ఎన్ని వేల ఇంటూలు పెట్టిందో ఆమెకే తెలియదు. ఏ ఒక్కటీ ఇంత ఇష్టంగా పెట్టలేదు. “తప్పు పలికింది తన్వీర్,” అంది. గొంతు ఏడుస్తోంది, మొహం నవ్వుతోంది. “తప్పు పలికింది చూడు.”

నూకరత్నం బెదిరిపోయింది. ఇంత కష్టపడితే పిల్లకి మళ్లీ పాత జబ్బే వచ్చిందా అని అడిగింది. హైమవతి ఆమె పక్కన కూర్చుని చెప్పింది. తెలిసిన మాటలు బఠాణీ దిద్దినవి, అవి ఎక్కడికీ పోవు. ఈ మాట బఠాణీకి తెలియదు. పిల్ల తనంత తాను వెళ్లి తెచ్చుకుంది, తన పాత నాలుకతో. ఒక్క మాట దారి కనుక్కుంటే వెనకే మిగతావీ వస్తాయి. తప్పు దిద్దడం ఎంతసేపు, ఈ అద్దం ముందు ఇన్నేళ్లుగా తను చేస్తున్నది అదే కదా. వరండాలో ఇంకా ఇరవై ముగ్గురు తల్లులు కూర్చుని ఉన్నారు, వాళ్లందరికీ చెప్పాల్సింది కూడా ఇదే. తన్వీర్ అద్దం వదలకుండానే భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

లాస్యకి వీళ్ల గోల ఏమీ పట్టలేదు. తమ్ముడి మొహం మీదికి వంగి, ఏదో పెద్ద సంగతి కనిపెట్టినట్టు వాణ్ణి కొత్తగా చూస్తోంది. చూసి చూసి తల్లి వైపు తిరిగింది.

“తమ్ముడికి పేరు పెట్టేశారా అమ్మా?” అంది. దాని గొంతులో కినుక ఉంది. “ఎప్పుడు పెట్టారు? నన్ను పిలవలేదేం?”

నూకరత్నం పిల్లని దగ్గరికి లాక్కుంది.

“ఇప్పుడేనమ్మా,” అంది. “నువ్వే పెట్టేవు.”